అక్షరాన్ని ఉక్కులో తీర్చిన త్రివేణి కమ్మరి పంచానన్ కర్మకార్

వంగదేశంలో హుగ్లీ నది పడమటి గట్టున త్రివేణి అనే చిన్న పట్టణం ఉంది. ప్రయాగలో కలిసిన మూడు నదులు ఇక్కడ మళ్లీ విడివడి ఎవరి దారిన వారు సముద్రానికి సాగిపోతాయని అక్కడివారి విశ్వాసం. అందుకే ప్రయాగను యుక్తవేణి అనీ, ఈ ఊరిని ముక్తవేణి అనీ వ్యవహరిస్తారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊరి పేరు చెబితే పండితులకు మొదట గుర్తుకు వచ్చేది జగన్నాథ తర్కపంచానన్. శతాధిక వృద్ధుడైన ఆ మహా పండితుడు హిందూ ధర్మశాస్త్రాన్ని సంకలనం చేసి ఇస్తే, ఈస్ట్ ఇండియా కంపెనీ న్యాయస్థానాలు దాన్ని ఆధారంగా చేసుకొని తీర్పులు చెప్పాయి. అదే ఊరిలో, అదే కాలంలో మరో పంచాననుడు ఉన్నాడు. మొదటివాడు బిరుదు చేత పంచాననుడైతే, రెండోవాడు తల్లిదండ్రులు పెట్టిన పేరు చేత పంచాననుడు. ఈయన కొలిమి ముందు కూర్చునే కమ్మరి. తాళపత్రం పట్టని ఈ రెండో పంచాననుడి చేతి మీదుగానే వంగ లిపి అచ్చులోకి వచ్చింది.

కర్మకార్ అంటే వంగభాషలో కమ్మరి. అయితే పంచానన్ పూర్వులు నాగళ్లకు కర్రులు వేసే కమ్మరులు మాత్రమే కారు. లోహం మీద రాత వారి కులవిద్యలో భాగం. రాగి రేకుల మీద దానపత్రాలు, కత్తుల మీద యజమానుల పేర్లు, పాత్రల మీద లతలూ నామాక్షరాలూ చెక్కడం తరతరాలుగా ఆ ఇంటి పని. కాగితం మీద రాసే లేఖకుడికి కలం జారితే గీత కొట్టివేసి మళ్లీ రాసుకొనే వీలుంటుంది. లోహం మీద ఉలి జారితే ఆ వస్తువే పాడవుతుంది. అటువంటి పనిలో అలవడిన చేతి నిలకడ పంచానన్‌కు తాతతండ్రుల నుంచి వచ్చిన ఆస్తి.

ఆ ఆస్తికి గిరాకీ తగ్గుతున్న కాలమది. 1757లో ప్లాసీ యుద్ధం ముగిసింది. 1765లో వంగదేశపు దివానీ కంపెనీ చేతికి వచ్చింది. 1770లో మహా క్షామం దేశాన్ని పీల్చి పిప్పి చేసింది. నవాబుల కొలువులు చిన్నబోతుంటే కత్తుల మీద నగిషీలు చేయించుకునేవారు ఎందరు మిగులుతారు? అటు పన్ను వసూలు మొదలుపెట్టిన కంపెనీకి మాత్రం జనం మాట్లాడే భాషతో పని పడింది. కచేరీల్లో నడిచే భాష పారశీకం. రైతు మాట్లాడేది వంగభాష. ఈ రెండింటి నడుమ నలిగే దొరలకు వంగభాష నేర్పే పుస్తకం కావాలి. ఆ పుస్తకాన్ని నథానియల్ బ్రాసీ హాల్‌హెడ్ అనే కంపెనీ యువ ఉద్యోగి రాశాడు. వ్యాకరణ సూత్రాలు ఇంగ్లీషులో, ఉదాహరణలు వంగలిపిలో. కానీ వాటిని అచ్చు వేయడానికి వంగ లిపిలో అక్షరాలు లేవు.

అంతకు కొన్నేళ్ల ముందే విలియం బోల్ట్స్ అనే కంపెనీ మాజీ ఉద్యోగి లండన్‌లో పేరుమోసిన అచ్చుకూర్పరి చేత వంగ అక్షరాలు చేయించబోయి భంగపడ్డాడు. చూసి ఎరుగని లిపిని, నోట పలకలేని అక్షరాన్ని, ఏడు సముద్రాల అవతల కూర్చొని చెక్కడం ఎంత నిపుణుడికైనా సాధ్యం కాలేదు. అప్పుడు గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ ఆ పనిని చార్లెస్ విల్కిన్స్‌కు అప్పగించాడు. విల్కిన్స్ కూడా కంపెనీ కొలువులో ఉన్నవాడే. ప్రాచ్య భాషల మీద మక్కువ ఉన్నవాడు. తర్వాతి కాలంలో భగవద్గీతను మొదటిసారిగా సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి అనువదించింది ఈయనే. అక్షరాల రూపం ఎలా ఉండాలో విల్కిన్స్‌కు తెలుసు. ఆ రూపాన్ని ఉక్కులో తీర్చేందుకు స్థానికంగా చెయ్యి తిరిగిన మనిషి కోసం వెతికితే, హుగ్లీ పట్టణానికి ఎగువన, ఎంతో దూరం కాని త్రివేణిలో పంచానన్ కనిపించాడు.

ఆ పని ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెరమీద వేలు తాకిస్తే అక్షరం ప్రత్యక్షమయ్యే ఈ రోజుల్లో, ఒక్కో అక్షరానికి వెనుక ఎన్ని రోజుల శ్రమ ఉండేదో ఊహకు అందడం కష్టం.

ముందుగా వేలెడు పొడవున్న ఉక్కు సలాకను కొలిమిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చి మెత్తబరుస్తారు. దాని కొసను ఆకురాయితో సమంగా అరగదీసి, ఆ చదరం మీద అక్షరాన్ని ఎడమది కుడిగా, అంటే అద్దంలో కనిపించే విధంగా తిరగేసి గీస్తారు. ఆపైన అక్షరం గీతలు తప్ప తక్కిన ఉక్కునంతా సన్నని ఉలులతో తొలిచివేస్తారు. అక్షరం ఉబ్బెత్తుగా మిగులుతుంది. నూనె దీపం మంట మీద ఆ కొసను పట్టి, పట్టిన మసితో కాగితం మీద ఒత్తి, గీత ఎక్కడ లావయిందో, వంపు ఎక్కడ బిగిసిందో చూసుకుంటారు. మళ్లీ ఉలి, మళ్లీ దీపం, మళ్లీ కాగితం. రూపం కుదిరిందని చెక్కేవాడి కంటికి తోచిన తర్వాత దాన్ని ఎర్రగా కాల్చి ముంచి పదును పెడతారు. ఇది పంచ్. గట్టిపడిన ఈ ఉక్కు అక్షరాన్ని రాగి దిమ్మ మీద నిలిపి సమ్మెటతో ఒక్క దెబ్బ కొడితే రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. అది మాట్రిక్స్. ఆ రాగి దిమ్మను మూసకు అడుగున బిగించి, సీసం మొదలైన లోహాలు కలిపి కరిగించిన పోత లోహాన్ని గరిటెతో పోస్తే, ముద్రణాలయంలో వాడే టైపు తయారవుతుంది. ఒక పంచ్ చక్కగా కుదిరితే దాని నుంచి ఎన్ని వేల టైపులైనా పోయవచ్చు. పంచ్‌లో తప్పు ఉంటే ఆ తప్పు కూడా అన్ని వేలసార్లు అచ్చవుతుంది.

ఇంగ్లీషుకు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు కలిపినా లెక్క త్వరగా తేలిపోతుంది. మన భారతీయ లిపుల సంగతి అది కాదు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, రెండేసి మూడేసి హల్లులు పెనవేసుకున్న సంయుక్తాక్షరాలు అన్నీ కలిపితే వందలకు చేరతాయి. వంగ లిపికి మరొక చిక్కు ఉంది. అక్షరాల నెత్తిన సాగే అడ్డగీతను మాత్ర అంటారు. రాతలో లేఖకుడు దాన్ని ఒకే ఊపున లాగేస్తాడు. అచ్చులో మాత్రం ఒక్కో టైపు నెత్తిన ఉన్న చిన్న గీత పక్క టైపు గీతతో వెంట్రుకవాసి తేడా లేకుండా అతుక్కోవాలి. పైగా అప్పటికి వంగ లిపికి స్థిరమైన రూపమంటూ లేదు. ఊరికొక తీరు, లేఖకుడికొక ఒరవడి. వాటిలో ఏ వంపును నిలుపుకోవాలి, ఏ తోకను కత్తిరించాలి అనే నిర్ణయం ఎక్కడో ఒకచోట జరిగి తీరాలి. ఉలి పట్టిన చేతికి ఆ నిర్ణయంలో పాలు లేదనుకోవడం కష్టం.

మా తరం వారికి ఇందులో కొంత అనుభవైకవేద్యం. చిన్నప్పుడు మా ఊరి లెటర్‌ప్రెస్‌లో కంపోజిటర్ నిలువెత్తు కేసుల ముందు నిలబడి, చూపు రాతప్రతి మీదే ఉంచి, వేళ్లతో ఒత్తులను, కొమ్ములను, గుడులను ఏరి పేర్చడం గంటల తరబడి చూసేవాణ్ని. పెళ్లి శుభలేఖ ఒక్కటి కూర్చడానికి ఒక పూట పట్టేది. ఆ సీసపు ముక్కలను మొదట ఎవరు చెక్కి ఉంటారన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. వార్తా విభాగంలో ఇన్నేళ్లు అక్షరాలతోనే బతికిన తర్వాత తట్టింది.

1778లో హుగ్లీ పట్టణంలో ఆండ్రూస్ అనే పుస్తక విక్రేతకు చెందిన ముద్రణాలయంలో హాల్‌హెడ్ వ్యాకరణం అచ్చయింది. కదిలే లోహపు టైపులతో వంగలిపి పుటలకెక్కిన తొలి గ్రంథంగా దానికి చరిత్రలో స్థానం దక్కింది. దాని పీఠికలో హాల్‌హెడ్ తన మిత్రుడు విల్కిన్స్‌ను నోరారా పొగిడాడు. లోహకారుడి పని, చెక్కేవాడి పని, పోత పోసేవాడి పని, అచ్చువేసేవాడి పని అన్నీ ఆయనే తన చేతులతో చేసుకోవలసి వచ్చిందని రాశాడు. పంచానన్ పేరు ఆ పీఠికలో లేదు. ఆ పుస్తకంలోనే ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట నిష్పాక్షికంగా చెప్పుకోవాలి. ఆ తొలి టైపుల తయారీలో కలకత్తాలో ముద్రలు, రత్నాలు చెక్కే జోసెఫ్ షెపర్డ్ అనే ఆంగ్లేయుడు కూడా పాలుపంచుకున్నాడని పరిశోధకులు తేల్చారు. విల్కిన్స్ కూడా చేతులు కట్టుకు కూర్చున్న అధికారి కాడు. కొలిమి వేడి తెలిసిన మనిషి. ఆయన ప్రతిభను తగ్గించి చూపవలసిన అవసరం పంచానన్‌కు లేదు. అయితే విల్కిన్స్ 1786లో స్వదేశానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వంగదేశంలో టైపుల తయారీ ఆగలేదు సరికదా, నానాటికీ మెరుగుపడింది. ఆ మెరుగుదల ఎవరి చేతిదన్న ప్రశ్నకు ఆ తర్వాత అచ్చయిన పుస్తకాలే సమాధానం చెబుతున్నాయి.

హాల్‌హెడ్ పుస్తకం వచ్చిన వెంటనే కంపెనీ తన సొంత ముద్రణాలయం పెట్టుకుంది. విల్కిన్స్ దానికి అధికారి. పంచానన్ కూడా ఆయన వెంట అక్కడ పనికి కుదిరాడు. ప్రభుత్వపు కట్టడలను వంగభాషలో జనానికి తెలియజేయడం ఆ ముద్రణాలయం పని. 1785లో న్యాయస్థానాల నిబంధనల అనువాదం వెలువడింది. 1793లో కార్న్‌వాలిస్ శాసనాలను ఫార్‌స్టర్ అనే అధికారి వంగభాషలోకి తెచ్చినప్పుడు, వాటి కోసం పంచానన్ కొత్తగా మరొక వరుస అక్షరాలు చేశాడు. 1778 నాటి అక్షరాలు పెద్దవి, కొంత మొరటువి. 1793 నాటివి చిన్నవి, పొందికైనవి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పదిహేనేళ్లలో ఒక చెయ్యి ఎంత తేరిందో లిపి తెలియని వారికి కూడా కనిపిస్తుంది. జమీందారీ శాశ్వత పరిష్కారం వంటి, లక్షల రైతు కుటుంబాల బతుకులను మార్చివేసిన కట్టడలు వంగ ప్రజల కళ్ల ముందుకు వచ్చింది ఈ కమ్మరి అక్షరాల్లోనే.

పంచానన్‌కు విద్యను అందుకునే కొడుకు లేడు. చేతిపనులు చేసుకునే మన కుటుంబాలన్నిటా ఇది పెద్ద దిగులే. కంసాలి అయినా, సాలె అయినా, వడ్రంగి అయినా తండ్రి నుంచి కొడుక్కి పోవలసిన విద్య మధ్యలో తెగిపోతే పనిముట్లు అటకెక్కుతాయి. పంచానన్ విషయంలో ఆ దిగులు మరింత పెద్దది. పంచ్ చెక్కడం అప్పటికి దేశంలో వేళ్ల మీద లెక్కించదగ్గ మందికి మాత్రమే తెలిసిన విద్య. ఆయన తన కూతురిని చేపట్టిన అల్లుడు మనోహర్‌కు దాన్ని నేర్పాడు. రహస్యాలు దాచుకోకుండా, ఉక్కును కాల్చడం మొదలు అక్షరపు తోక తిప్పడం దాకా పూర్తిగా నేర్పాడనడానికి ఆ తర్వాత జరిగిన చరిత్రే రుజువు. అల్లుడికే కాదు, మరికొందరు పనివారికి కూడా ఆయన ఈ విద్య అందించాడు. గుట్టుగా ఉంచుకుంటే ధర పలికే పనిని నలుగురికి పంచినవాడు కావడం వల్లనే తోటి పనివారు ఆయనను పెద్దదిక్కుగా చూసుకున్నారని నా అభిప్రాయం.

1793లో విలియం కేరీ అనే ఆంగ్ల మిషనరీ కలకత్తా రేవులో దిగాడు. స్వదేశంలో చెప్పులు కుట్టి బతికినవాడు. ఉత్తర వంగదేశంలో నీలిమందు తోటల వద్ద ఉద్యోగం చేస్తూ వంగభాష, సంస్కృతం పట్టుదలతో నేర్చుకున్నాడు. బైబిల్‌ను వంగభాషలో అచ్చు వేయాలన్నది ఆయన సంకల్పం. చెక్క ముద్రణ యంత్రం ఒకటి సమకూరింది. కానీ అక్షరాలు కావాలి. లండన్ నుంచి చేయించి తెప్పించుకోవాలంటే ఖర్చు మోయలేనిది. ఇంతలో దేశంలోనే అక్షరాలు పోసే పనివారు ఉన్నారన్న వార్త ఆయన చెవిన పడింది. 1800 జనవరిలో కేరీ శ్రీరాంపూర్ చేరుకున్నాడు. కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డునే ఉన్న ఈ పట్టణం అప్పుడు డెన్మార్క్ వారి ఏలుబడిలో ఉంది. తమ రాజు పేరిట దాన్ని వారు ఫ్రెడెరిక్స్‌నగోర్ అని పిలుచుకునేవారు. కంపెనీ తన గడ్డ మీద మిషనరీలను సహించని రోజుల్లో ఆ డేనిష్ పట్టణమే వారికి ఆశ్రయం.

అప్పటికి పంచానన్ కలకత్తాలో హెన్రీ థామస్ కోల్‌బ్రూక్ వద్ద పనిలో ఉన్నాడు. కోల్‌బ్రూక్ సంస్కృత పండితుడు. త్రివేణి జగన్నాథ తర్కపంచానన్ సంకలనాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన విద్వాంసుడు ఆయనే. ఒకే చిన్న ఊరి పండితుడి రచననూ, కమ్మరి హస్తకౌశలాన్నీ ఆ దొర ఎరిగి ఉన్నాడన్నమాట. పంచానన్‌ను కొద్ది రోజుల కోసం పంపమని కేరీ అడిగి తీసుకుపోయి, ఆనక తిరిగి పంపలేదని ఒక కథనం ఉంది. కోల్‌బ్రూక్ అధికారులకు మొర పెట్టుకున్నా, డేనిష్ నేల మీదకు కంపెనీ ఉత్తర్వు చెల్లలేదని చెబుతారు. గొప్పవాళ్ల నడుమ ఒక పనివాడి కోసం జరిగిన ఈ లాగులాట వంగ ముద్రణ చరిత్రలో నేటికీ ముచ్చటగా చెప్పుకునే ఘట్టం. ఇందులో నాకు ముచ్చటకన్నా ఎక్కువగా తోచేది మరొకటి. పుస్తకాల పీఠికల్లో పేరు దక్కని ఈ మనిషి లేకపోతే తమ పని సాగదని ఇద్దరు యజమానులకూ బాగా తెలుసు.

శ్రీరాంపూర్‌లో పంచానన్ చేయి పడగానే అక్షరాల పోత కార్ఖానా వెలిసింది. కొద్ది కాలంలోనే అది ఆసియాలో అన్నిటికన్నా పెద్ద టైపు ఫౌండ్రీగా పేరు పొందింది. కేరీ సహచరుల్లో విలియం వార్డ్ ఇంగ్లండ్‌లో ముద్రణ పని చేసి వచ్చినవాడు, జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. ఒక చర్మకారుడు, ఒక అచ్చుపనివాడు, ఒక బడిపంతులు, ఒక కమ్మరి ఒకే కప్పు కింద చేరారు. ముగ్గురి మతం ఒకటి, నాలుగోవాడి మతం మరొకటి. ఎవరి నమ్మకం వారిది. అక్షరం మీద ఉన్న శ్రద్ధ మాత్రం అందరిదీ.

1801 ఫిబ్రవరిలో వంగభాషలో కొత్త నిబంధన ముద్రణ పూర్తయింది. కొత్తగా ఏర్పడిన ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ వంగభాష బోధకుడు కావడంతో పాఠ్యపుస్తకాల అవసరం ఏర్పడింది. అదే ఏడు రామరామ బసు రాసిన రాజా ప్రతాపాదిత్య చరిత్ర వెలువడింది. ఒక వంగీయుడు తన భాషలో వచనంలో రాసి అచ్చులో చూసుకున్న తొలి స్వతంత్ర రచనగా దానిని సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. ఆ వెంటనే కృత్తివాసుని రామాయణం, కాశీరామ దాసు మహాభారతం అచ్చయ్యాయి. అంతవరకు ఏ జమీందారు ఇంటనో, ఏ గుడి మండపంలోనో వ్రాతప్రతిగా ఉండి, కథకుడు చదివితే విని ఆనందించవలసిన కావ్యాలు అవి. అచ్చుతో అవి అంగళ్లకు చేరాయి. రామాయణం పంచ్‌లకు, బైబిల్ పంచ్‌లకు తేడా లేదు. అవే అక్షరాలు, అదే సీసం.

దేశమంతటికీ చెల్లే దేవనాగరి అక్షరాలు చేయాలన్నది ఆ తర్వాతి తలపు. కేరీ సంస్కృత వ్యాకరణం రాస్తున్నాడు. దానికి నాగరి లిపి తప్పనిసరి. సంయుక్తాక్షరాలన్నీ లెక్కవేస్తే దాదాపు 700 పంచ్‌లు కావలసి వచ్చాయి. అప్పటికే నెరిసిన వయసులో ఉన్న పంచానన్ ఆ పనికి పూనుకొని, మనోహర్‌ను పక్కన కూర్చోబెట్టుకొని సాగించాడు. 1804లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి సంస్కృత హితోపదేశం నాగరి లిపిలో వెలువడింది. దాన్ని పరిష్కరించింది కేరీ. దానికి ముందుమాట రాసింది కోల్‌బ్రూక్. పంచానన్ కోసం పోటీ పడిన ఇద్దరూ ఆ విధంగా ఒకే పుస్తకంలో కలిశారు. ఇంచుమించు అదే సమయంలో పంచానన్ కన్నుమూశాడు. నాగరి అక్షరాల పని ఇంకా మిగిలే ఉంది.

కొన్నేళ్లకు శ్రీరాంపూర్ మిషనరీలు తమ పనిని వివరిస్తూ ప్రచురించిన నివేదికలో ఆయనను తలచుకున్నారు. విల్కిన్స్ వద్ద పనిచేసిన ఆ కళాకారుడే తమకు దొరకడం దైవకృప అనీ, ఆయన చనిపోయినా తన విద్యను ఇతరులకు ఎంతో సంపూర్ణంగా అందించి పోవడం వల్ల పని ఆగలేదనీ, వారి చేతి పని ఐరోపా పనివారికి తీసిపోనిదనీ దాని భావం. అందులో కూడా ఆయన పేరు చెప్పకుండా కళాకారుడు అని మాత్రమే ఉండడం గమనించదగ్గది. అయినా ఒక హస్తకళాకారుడికి ఇంతకన్నా గొప్ప నివాళి మరొకటి ఉంటుందనుకోను.

మనోహర్ నాగరి అక్షరాలను పూర్తి చేశాడు. ఆపైన నలభై ఏళ్లకు పైగా అదే కార్ఖానాలో ఉండి, ప్రాచ్య భాషలన్నిటికీ టైపులు చేశాడు. మిషన్‌కే కాదు, బయటి ముద్రణాలయాలకు కూడా అక్షరాలు ఇక్కడి నుంచే పోయేవి. చివరకు చీనా భాషకు కూడా లోహపు టైపులు ఈ కార్ఖానాలోనే తయారయ్యాయి. 1839లో వంగదేశానికి వచ్చిన ఒక యువ మిషనరీ ఆ కార్ఖానాలో చూసిన దృశ్యం గ్రంథస్థమై ఉంది. మనోహర్ తన ఇష్టదైవం ప్రతిమ కింద నేల మీద చతికిలబడి, బైబిల్ ముద్రణకు కావలసిన అక్షరాలు చేస్తున్నాడు. ఆ దైవం నీడన తప్ప మరొకచోట అతడు ఉలి పట్టేవాడు కాడట. దొరలు అందుకు అభ్యంతరం చెప్పలేదు. వంగదేశంలో నేటికీ విశ్వకర్మ పూజనాడు పనివారు పనిముట్లను కడిగి బొట్టుపెట్టి మొక్కుతారు. ఆ రోజు ఉలీ సుత్తీ ముట్టరు. మామ దగ్గర నేర్చిన పనితోపాటు ఆ నిష్ఠ కూడా మనోహర్‌కు సంక్రమించి ఉండాలి.

ఈ కుటుంబం కట్టి నిలిపిన పనికి అసలు పరీక్ష 1812 మార్చి 11 సాయంత్రం ఎదురైంది. శ్రీరాంపూర్ ముద్రణాలయంలో కాగితాలు నిల్వ చేసిన చోట నిప్పంటుకుంది. వార్డ్, పనివారు గంటల తరబడి నీళ్లు పోసి పోరాడినా ఫలితం దక్కలేదు. తెల్లవారేసరికి పెద్ద భవనం మొండిగోడలై నిలిచింది. డజనుకు పైగా భాషల టైపులు కరిగి నేల మీద సీసపు మడుగులయ్యాయి. కేరీ ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు రాతప్రతులు కాలిపోయాయి. వాటితోపాటు బూడిదైన వాటిలో మన తెలుగు భాషకు ఆయన రాసుకున్న వ్యాకరణం ప్రతి కూడా ఉంది.

ముద్రణ యంత్రాలను మాత్రం పక్క గది నుంచి ముందే బయటికి లాగగలిగారు. ఆ తర్వాత శిథిలాలు తవ్వుతుంటే బూడిద కింద ఉక్కు పంచ్‌లు వేల సంఖ్యలో చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. సీసాన్ని కరిగించిన మంట ఉక్కును కరిగించలేకపోయింది. పంచానన్ చేతుల మీదుగానో, ఆయన తీర్చిన శిష్యుల చేతుల మీదుగానో రూపుదిద్దుకున్న అక్షరాలవి. నేల మీద గడ్డకట్టిన సీసాన్ని పగలగొట్టి ఏరి, మళ్లీ కరిగించి పోత పోయడం మొదలుపెట్టారు. పనివారు వంతులు వేసుకొని రేయింబవళ్లు శ్రమించారు. కొద్ది నెలల్లోనే ఒక భాష తర్వాత ఒక భాష అచ్చు యంత్రం ఎక్కింది.

తెలుగు అక్షరాలకు ఈ కార్ఖానాతో ఉన్న బంధం మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. విశాఖపట్నంలో ఉండి సువార్తలను తెలుగులోకి తెచ్చిన అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించగా, ఆయన అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. మంటల్లో పోయిన తెలుగు వ్యాకరణాన్ని కేరీ మళ్లీ మొదటినుంచి రాసుకున్నాడు. అది 1814లో అక్కడే వెలువడింది. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. చెన్నపట్నంలో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వెలువడిన 1816కు రెండేళ్ల ముందే, సి.పి. బ్రౌన్ ఈ దేశంలో అడుగు పెట్టకముందే, హుగ్లీ ఒడ్డున వంగ కమ్మరులు తలకట్టును, కొమ్మును, ఒత్తును తీర్చుతూ కూర్చున్నారు. ఆ భాష వారు మాట్లాడేది కాదు. గుండ్రని మన అక్షరాన్ని మాత్ర గీసే అలవాటున్న చేతితో చెక్కడం వారికి ఎంత కొత్తగా తోచిందో! త్రివేణి పంచానన్ తెలుగు టైపును చూడకుండానే పోయాడు. దాన్ని చేసిన కార్ఖానా మాత్రం ఆయన నేర్పిన పనితోనే నడిచింది.

1801 నుంచి 1832 వరకు శ్రీరాంపూర్ ముద్రణాలయం నలభై భాషల్లో 2,12,000 ప్రతులు అచ్చు వేసిందని లెక్క. ఆ తర్వాత మిషన్ ముద్రణాలయం కాలక్రమాన క్షీణించినా, కర్మకార్ల ఇంట కొలిమి ఆరలేదు. మనోహర్ కొడుకు, పంచానన్‌కు మనుమడు అయిన కృష్ణచంద్ర తాత విద్యతోపాటు బొమ్మలు చెక్కే విద్య కూడా పట్టుబడినవాడు. మిషన్ మీద ఆధారపడకుండా ఆ కుటుంబం శ్రీరాంపూర్‌లోనే సొంత ముద్రణాలయం పెట్టుకుంది. అక్కడ అచ్చయినవాటిలో జనం ఎక్కువగా కొన్నవి పంచాంగాలు. తిథి వార నక్షత్రాలు, పండుగలు, ముహూర్తాలు, వాటి నడుమ కృష్ణచంద్ర చెక్కిన దేవతల బొమ్మలు. సంవత్సరాది వస్తోందంటే బోయీలు వాటిని గంపలకెత్తుకొని హుగ్లీ తీరపు ఊళ్లన్నీ తిరిగి అమ్మేవారు. త్రివేణి ఘట్టంలో గ్రహణ స్నానాలకు వచ్చే జనం ముహూర్తం చూసుకునే పుటల్లోని ఆ బొమ్మలకు కర్తగా, కృష్ణచంద్ర కర్మకార్ పేరు వంగ చిత్రకళా చరిత్రకు ఎక్కింది.